భోంపు డిస్కో

సెప్టెంబరు పద్దెనిమిదో తారీకున ఏమేం చెయ్యాలో ఫిట్టరు అసిరయ్య నెల ముందే నిర్ణయించుకున్నాడు. ఐదింటి భోంపుకి లేవాలి. చన్నీళ్ళు పోసుకోవాలి. దాలమ్మ ఉతికి మడతపెట్టిన ఖాకీ చొక్కా తొడుక్కోవాలి. ఐదున్నర భోంపుకి సైకిలెక్కాలి. ఆరింటి భోంపు కూసేలోగా గేటు దగ్గర టైము యంత్రంలో కార్డు కొట్టాలి. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి, టైమాఫీసులో మెడలో దండ వేయించుకుని, రిటైరై ఇంటికి రావాలి. ఇందులో కొత్త సంగతి చివరిదొక్కటే. మిగతావన్నీ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తూ వస్తున్నవే.

భోంపు అంటే కంపెనీ సైరన్. అది కూసిందంటే సోనారిలో పాలగిన్నెలు పొయ్యెక్కుతాయి, సాక్చిలో షట్టర్లు లేస్తాయి. జంషెడ్‌పూర్‌లో చేతికి వాచీ ఉన్నవాడు కూడా భోంపు కూశాక వాచీని దిద్దుకుంటాడు గాని, వాచీ చూసి భోంపుని తప్పుపట్టడు. అసిరయ్యకైతే వాచీయే లేదు. ఇంట్లో గోడ గడియారమూ లేదు. "గడియారం నాకెందుకురా? కంపెనీయే కూత్తాదిగదా!" అనేవాడు, ఆ భోంపుని తనకోసమే పెట్టించినట్టు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఒక్క నిమిషం లేటవలేదు. లేటైనవాడి కార్డు మీద టైమాఫీసువాళ్ళు ఎర్రసిరాతో గీత గీస్తారు. ఒక్క ఎర్రగీత కూడా లేకుండా రిటైరైన మహానుభావుల పేర్లు రాయడానికి టైమాఫీసు గోడకి ఒక చెక్క బోర్డుంది. ఇంతకాలానికి దానిమీదకి ఎక్కినవి నాలుగు పేర్లే. ఐదోది తనది కావాలి. అసిరయ్యకి మిగిలిన కోరిక అదొక్కటే.

దానికోసం ఆయన చెయ్యనిది లేదు. కూతురు చిన్నమ్మి పుట్టిన రోజున షిఫ్టు దిగాకే ఆస్పత్రికి వెళ్ళాడు. తమ్ముడి పెళ్ళికని పాలకొండ వెళ్ళి, అక్షింతలు చేతిలో ఉండగానే తిరుగు రైలుకి పరిగెత్తాడు. దాలమ్మ ఇవేవీ మరిచిపోలేదు.

"ఈ నాలుగు రోజుల్లో ఆ కార్డు మీద గీత పడిందా, నీతో నాను మాటాడను" అని ఆవిడ ముందే చెప్పేసింది. "నన్నూ పిల్లనీ ఒగ్గేసి పరిగెట్టింది దానికోసవేగదా. అది కూడా నేకపోతే మరేటి మిగిల్నట్టు?"

అందుకే గీత పడకూడదు.

రిటైర్మెంటు తారీకు సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరినప్పుడు గుమస్తా పుట్టిన తేదీ అడిగితే, పక్కనున్న మేనమామ "విశ్వకర్మ పూజ మర్నాడనుకుంటాను బావూ" అన్నాడట. శ్రీకాకుళం పల్లెలో పుట్టినవాడికి విశ్వకర్మ పూజతో ఏం పనో గుమస్తా అడగలేదు. సెప్టెంబరు పద్దెనిమిది అని రాసేశాడు. అరవై నిండాయని కంపెనీ ఉత్తరం పంపింది. అది ఇంగ్లీషులో ఉంది, పైగా మొత్తం ఉత్తరమంతా ఒకటే వాక్యం. పక్క క్వార్టరు విల్సన్ దాన్ని మూడు లైన్ల దాకా చదివి, ఊపిరి పీల్చుకుని, "పద్దెనిమిదిన రిటైర్మెంటు బాబాయ్. ఆ రోజు రెండింటికి టైమాఫీసులో ఫంక్షన్. బాకీ సబ్ ఫార్మాలిటీ హై, మిగతావన్నీ మామూలే" అని మడిచి ఇచ్చేశాడు.

ఈ విల్సనే అసలు ముప్పు. తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, పగలు స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆ ఏడు ఎండాకాలంలో సొంతంగా ఒక పాట కట్టాడు. 'పంపుకాడ బిందె పెట్టి ఎందుకెళ్ళిపోయావే పిల్లా' అని మొదలవుతుంది. పాట మంచిదే. కాకపోతే ఎంత నిదానంగా సాగుతుందంటే, పల్లవి అయ్యేసరికి బిందె నిండి పొర్లిపోతుంది. సాక్చిలో క్యాసెట్ల కొట్టు నడిపే బంగారురాజు యాభై క్యాసెట్లు చేయిస్తే తొమ్మిది అమ్ముడుపోయాయి. అందులో ఆరు విల్సన్ తల్లి ఏసుమణి చర్చిలో బలవంతాన అంటగట్టినవి.

"పండుకోడానికైతే కొంటారు గాని, లెగిసి గెంతడానికి ఎవుడు కొంటాడ్రా ఈ పాట?" అన్నాడు బంగారురాజు. "దీన్ని డిస్కో రీమిక్సు చెయ్యి. ధించక్ ధించక్ పడాల."

విల్సన్ వరండాలో కూర్చుని ధించక్ వేస్తుంటే, షిఫ్టు దిగివచ్చిన అసిరయ్య గోడ మీదుగా తల పెట్టి విన్నాడు. ఊరుకుని లోపలికి వెళ్ళి అన్నం తిని ఉంటే ఈ కథే లేదు.

"దమ్ము నేదురా విల్సనూ" అన్నాడు.

"అయితే ఏం చెయ్యమంటావు బాబాయ్?"

"ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను ఒక్క కూతకి లేపీసినాది ఏటి? భోంపు! అది పెట్టు ముందల. లచ్చ మంది లెగాలా వద్దా?"

విల్సన్‌కి ఆ మాట నచ్చింది. మర్నాడు పొద్దున్న టేప్‌రికార్డరు పట్టుకుని మేడెక్కి, ఐదింటి భోంపుని ఉన్నదున్నట్టు పట్టేశాడు. రీమిక్సులో ముందు భోంపు పూర్తిగా కూస్తుంది. ఆగుతుంది. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ధించక్ ధించక్ అని దరువు, దాని మీద పంపూ బిందే పిల్లా.

ఇంకేముంది, ఊరు ఊగిపోయింది. తెలుగు ముక్క రాని బీహారీలు, బెంగాలీలు, సర్దార్లు కూడా "పంపుకాడ" అంటూ గెంతడం మొదలుపెట్టారు. ఆటోల్లో అదే, టీ కొట్లలో అదే. బంగారురాజు క్యాసెట్లు కట్టలు కట్టలు పంపించాడు. అసిరయ్య ఊరంతా తిరిగి "పాట కుర్రోడిది గాని, ఆ భోంపు మాత్రం నాదే" అని చెప్పుకున్నాడు. ఆటో స్టాండువాళ్ళు ఆయనకి 'భోంపు చాచా' అని పేరు పెట్టారు. మనిషి మురిసిపోయాడు.

చిన్న చిన్న ఇబ్బందులు మొదలు కాకపోలేదు. టెల్కో కాలనీలో ఒక పెళ్ళిభోజనాల్లో ఎవరో ఈ పాట పెట్టారు. భోంపు కూయగానే పంక్తిలో సగంమంది పెరుగన్నం దగ్గర చటుక్కున లేచి, చేతులు కడుక్కుని షిఫ్టుకి వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు కూడా లేవబోతే పురోహితుడు కండువా పట్టుకుని ఆపాడట. అసిరయ్య ఇది విని పడీపడీ నవ్వాడు. తన దాకా రాలేదు మరి.

పదిహేడో తారీకు విశ్వకర్మ పూజ. కార్ఖానాలున్న ఊరికి అంతకంటే పెద్ద పండగ లేదు. సోనారి ఆటో స్టాండువాళ్ళు పందిరి వేసి, దేవుణ్ణి నిలబెట్టి, నాలుగు దిక్కులకీ నాలుగు మైకులు కట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి, దేవుడికి మొదటి నైవేద్యంగా, పాట పెట్టారు.

భోంపు కూసింది. అసిరయ్య మంచం మీంచి దూకాడు. నూతి దగ్గరికి పరిగెత్తి నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాడు. నీళ్ళ చప్పుడులో తర్వాత వచ్చిన ధించక్ వినిపించలేదు. దాలమ్మ పొయ్యి వెలిగించింది. ఆ పొయ్యి వెలుగు చూసి పక్కింటి సరస్వతమ్మ తన మొగుణ్ణి లేపింది. ఆయన్ని చూసి ఎదురింటివాళ్ళు లేచారు. ఐదున్నర భోంపు కూడా దాటిపోయిందేమోనని పది నిమిషాల్లో వీధంతా సైకిళ్ళు.

గేటు దగ్గర సర్దార్జీ కాపలాదారు కునికిపాట్లు పడుతూ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నలభైమంది క్యారియర్లతో నిలబడి ఉన్నారు. హర్తాళ్ అనుకుని కర్ర పట్టుకున్నాడు.

"అరే భాయీ, అభీ సాఢే చార్ భీ నహీ బజే!" అని, నాలుగున్నర కూడా కాలేదని గదిమాడు.

మిగతావాళ్ళు విల్సన్‌నీ, వాడి పాటనీ, వాడికి కీబోర్డు కొనిపెట్టినవాళ్ళనీ తిట్టుకుంటూ టీ కొట్టుకి నడిచారు. అసిరయ్య మాత్రం వచ్చినవాడు వచ్చినట్టు కార్డు కొట్టేశాడు. యంత్రం టక్కుమని 4-27 అచ్చు వేసింది.

ఆ రోజు పూజ కదా, పనేమీ జరగలేదు. ఫోర్‌మను అసిరయ్య పనిముట్ల పెట్టె అడిగి తీసుకున్నాడు. హెల్మెట్టు కూడా ఇమ్మన్నాడు. పూజనాడు పనిముట్లు దేవుడి ముందు పెట్టడం మామూలే కాబట్టి అసిరయ్య రెండూ ఇచ్చేసి, బొట్టు పెట్టించుకుని, ప్రసాదం తిన్నాడు. ఎందుకో ఆ రోజు అందరూ వచ్చి చేతులు పట్టుకుని మరీ మాట్లాడారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. హోమం పొగ కాబోలనుకున్నాడు. రేపు రెండింటికి కలుద్దామంటూ "కల్ మిల్తే హై, దో బజే" అన్నారు. "సరే" అన్నాడు.

సాయంత్రం ఆటో స్టాండుకి వెళ్ళి, అక్కడి పెద్ద మంగళ్‌ని పట్టుకున్నాడు.

"చూడు బేటా, కల్ మేరా ఆఖ్రీ దిన్. సుబా ఏ గానా మత్ బజావ్, ఆ పాట పెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అరే చాచా, ఆప్ కా భోంపూ, ఆప్ కా హుకుం!" అని మంగళ్ విశ్వకర్మ మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. రేపు పొద్దున్న నిమజ్జనం అయ్యేదాకా క్యాసెట్టు ముట్టుకోనని చెప్పాడు.

అయినా అసిరయ్యకి నమ్మకం కుదరలేదు. పడుకోబోతూ దాలమ్మకి ఒక సూత్రం బోధించాడు.

"ఇనుకో. భోంపు కూసినాక ధించక్ వచ్చిందా, అది పాట. రానేదా, అది కంపెనీ. ధించక్ వత్తాదో రాదో ఇనకుండా లెగకు. ఇయ్యాల్టిలాగ నవ్వులపాలు కావొద్దు."

"మరి పొద్దెక్కిపోతేనో?"

"ఎలగెక్కుతాది? నాను సెవులొగ్గి ఇంటన్నానుగదా!"

సూత్రంలో తప్పేమీ లేదు. లోకంలోనే వచ్చింది తప్పంతా.

మర్నాడు ఐదింటికి నిమజ్జనం ఊరేగింపు ఆయన ఇంటి మలుపు దగ్గరే సిద్ధం కావడం మొదలుపెట్టింది. ఆటోలు ఎనిమిదికల్లా రోడ్డెక్కాలి, అందుకని ఆ తొందర. లారీ మీద దేవుడు, కింద పదిమంది డోలువాళ్ళు. క్యాసెట్టు ముట్టుకోలేదు. మంగళ్ మాట తప్పే మనిషి కాదు. సరిగ్గా ఐదింటికి కంపెనీ భోంపు, అసలు సిసలు భోంపు, కూసింది. ఆగింది. రెండు క్షణాలు నిశ్శబ్దం.

రెండు నెలలుగా భోంపు కూసి ఆగితే చాలు డోలువాళ్ళ చేతులు ఆగడంలేదు. ఎవరూ చెప్పకుండానే పది డోళ్ళూ ఒక్కసారిగా అందుకున్నాయి. ధించక్ ధించక్ ధించక్.

మంచం మీద అసిరయ్య కళ్ళు మూసుకునే నవ్వాడు. లేవబోయిన దాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పండుకోయే. పాటే. మంగళ్‌గాడు మాట తప్పీసినాడు, సూసినావా?"

ఐదున్నరకి మళ్ళీ కూసింది. మళ్ళీ ధించక్. "ఈళ్ళకి బుద్ధి రాదు" అని అసిరయ్య పక్కకి తిరిగి పడుకున్నాడు. ఆరింటికి మూడోసారి కూసింది. ఆ ధించక్‌కి నిద్రలోనే కాలివేలు ఆడించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన అంత హాయిగా నిద్రపోయింది లేదు.

తలుపు దబదబా బాదింది విల్సన్. "బాబాయ్! సైకిలు ఇక్కడే ఉందేంటి? నువ్వు వెళ్ళలేదా? ఆరూ పది అయింది!"

అసిరయ్య కళ్ళు తెరిచాడు. కిటికీలోంచి ఎండ వచ్చి గోడ మీద ఖాకీ చొక్కా దాకా పాకింది. చిన్నపిల్లాడిలా "ఓలమ్మా, సచ్చిపోనానే!" అని కేకపెట్టాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. బొత్తాలు వీపు వైపు వచ్చాయి. దాలమ్మ నెత్తి కొట్టుకుంది.

"ముప్పై ఒక్క ఏళ్ళు! ఒక్క పూట ఆగనేకపోనావా? ఒక్క పూట!"

విల్సన్ ఇద్దర్నీ లాక్కుపోయి మలుపు దగ్గరున్న ఆటోలో పడేశాడు. ఆ ఆటో ఊరేగింపు వెనకాల ఇరుక్కుని ఉంది. విషయం తెలిసి మంగళ్ తమవల్లేనని గుండెలు బాదుకున్నాడు. "హమారీ వజహ్ సే? చాచా లేట్?" అని అసిరయ్యనీ లాక్కుని లారీ ఎక్కి చెయ్యి ఊపాడు. నదికి పోవాల్సిన ఊరేగింపు మొత్తం ఫ్యాక్టరీ గేటు వైపు తిరిగింది. ముందు లారీ మీద విశ్వకర్మ, ఆయన పాదాల దగ్గర తిరగేసిన చొక్కాతో అసిరయ్య, చుట్టూ డోళ్ళు, వెనక ఇరవై ఆటోలు, చిట్టచివర ఏడుస్తూ దాలమ్మ. త్వరగా పోవాలని డోలువాళ్ళు దరువు పెంచారు. దరువు పెరిగేసరికి జనం రోడ్డు మీదకి వచ్చి గెంతారు. జనం గెంతేసరికి లారీ నడక కంటే నిదానమైంది. "భోంపు చాచాకీ జై!" అని సాక్చి నుంచి వస్తున్న కూరగాయల బళ్ళవాళ్ళు కూడా అరిచారు. అసిరయ్య మొహం చేతుల్లో దాచుకున్నాడు. భక్తి అనుకుని ఒకావిడ ఆయన మీద కూడా పువ్వులు వేసింది.

గేటు దగ్గర దిగేసరికి ఏడు గంటలవుతోంది. నిన్నటి సర్దార్జీ విగ్రహాన్ని చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. అసిరయ్య తల ఎత్తకుండా కార్డుల చెక్క దగ్గరికి వెళ్ళాడు. తన నంబరు గడిలో చెయ్యి పెట్టాడు. ఖాళీ. మళ్ళీ తడిమాడు. కార్డే లేదు.

ఎర్రగీతకి బదులు ఏకంగా చింపేశారన్నమాట. మెట్టు మీద కూలబడి, ఎవరేమనుకుంటారని కూడా చూడకుండా ఏడ్చేశాడు.

టైమాఫీసు గుమస్తా ఆదిబాబు బయటికి వచ్చాడు. అతనిదీ టెక్కలి దగ్గరే. దేవుణ్ణీ, డోళ్ళనీ, ఏడుస్తున్న మొగుడూ పెళ్ళాల్నీ చూసి కంగారుపడ్డాడు.

"ఏటి మావా, ఏటైనాది? ఇంత పొద్దున్నే వచ్చీసినావేటి? ఫంక్షను రెండింటికి గదా?"

"నేటైపోనానురా ఆదిబాబూ" అన్నాడు అసిరయ్య. "ఆఖరి రోజు నేటైపోనాను. గీసీ. ఎర్రగీత గీసీ. నాకెదురుగా గీసీ."

"దేనికి నేటు?"

"షిఫ్టుకిరా!"

ఆదిబాబు వచ్చి ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. "మావా, పద్దెనిమిదో తారీకు పొద్దున్నించీ నువ్వు సర్వీసులో నేవని ఉత్తరంలో రాసినాంగదా. అరవై నిండే ముందురోజుతో డ్యూటీ అయిపోతాది. నీ ఆఖరి షిఫ్టు నిన్న. అందుకేగదా పెట్టీ, హెల్మెట్టూ నిన్ననే తీసీసుకున్నారు."

డోళ్ళు ఆగిపోయాయి. అందరూ విల్సన్ వైపు చూశారు. "వాక్యం చాలా పొడుగ్గా ఉంది బాబాయ్" అన్నాడు విల్సన్ సన్నటి గొంతుతో.

దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "అయితే నేటు కానట్టేనా బావూ?"

"నేటవడానికి ఉద్యోగం ఉండాలగదమ్మా!"

ఆదిబాబు లోపలికి వెళ్ళి కార్డు తెచ్చాడు. ఫంక్షనులో ఇవ్వడానికని దానికి గులాబీరంగు రిబ్బను కట్టి ఉంది. చిట్టచివరి గడిలో నిన్నటి తేదీ, దాని పక్కన 4-27.

"గంటన్నర ముందలొచ్చి కార్డు కొట్టినోడు ఈ గేటు పుట్టినకాణ్ణుంచీ నేడు" అన్నాడు ఆదిబాబు. "ఆఖరి రోజు కూడా ఇంత నిష్టా అని ఆఫీసరుగారు నోరెళ్ళబెట్టీసినారు. బోర్డు మీద నీ పేరు మిగతా నాలుగిటికంటే పెద్ద అచ్చరాల్తో రాయమన్నారు. రాత్రే రాయించినాను. రంగు తడిగుంది, ముట్టుకోకు."

అసిరయ్య ముట్టుకున్నాడు. ముట్టుకోకుండా ఎలా ఉంటాడు? 'అ' కొంచెం సాగింది, ఇప్పటికీ అలాగే ఉంది. పచ్చరంగు అంటిన వేలు చూసుకుంటూ బయటికి వచ్చి, విల్సన్ వీపు మీద ఒక్కటిచ్చాడు. తర్వాత వాణ్ణే కావలించుకున్నాడు. అంతలో డోలువాళ్ళు అందుకున్నారు. తిరగేసిన ఖాకీ చొక్కాతో, విశ్వకర్మ చూస్తుండగా, భోంపు చాచా కంపెనీ గేటు ముందు గెంతాడు. "సిగ్గు నేదు, సిగ్గు నేదు" అంటూనే దాలమ్మ చప్పట్లు కొట్టింది. ఆ మనిషి గేటు దగ్గర నిలబడి లోపలికి పరిగెత్తకపోవడం ఆవిడ చూడ్డం అదే మొదలు.

రెండింటికి ఫంక్షను పద్ధతిగా జరిగింది. దండ వేశారు, శాలువా కప్పారు, సమయపాలనకి గుర్తుగా ఒక గోడ గడియారం బహూకరించారు. సాయంత్రం విల్సన్ వచ్చి మేకు కొట్టి తగిలించాడు. ఆ ఇంట్లో అదే మొదటి గడియారం.

మర్నాడు పొద్దున్న ఐదింటి భోంపు కూసింది. అసిరయ్య అలవాటు ప్రకారం దిగ్గున లేచి కూర్చున్నాడు. చెవులు రిక్కించాడు. నిశ్శబ్దం. డోళ్ళు లేవు, ధించక్ లేదు. ఒక కాలు నేల మీద పెట్టాడు.

దాలమ్మ కళ్ళు తెరవకుండానే ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

"పండుకోయ్యా. పాటే."

అసిరయ్య కాలు మళ్ళీ మంచం మీదకి తీసుకున్నాడు. దుప్పటి కప్పుకుంటూ గోడ వైపు చూస్తే, కంపెనీవారి కొత్త గడియారంలో ఐదవడానికి ఇంకా పది నిమిషాలుంది.